పలకల కింద మడి

స్వాతి కార్తె. మొదటి మజిలీ, కృష్ణ దాటాక హైవే పక్కన

ఈ డబ్బాకు ఎంత చెప్పినా బుద్ధి రాదు. నేను పుంటికూర అంటే ఇది గోంగూర అని రాస్తుంది. పోయినం అంటే వెళ్ళాము అని రాస్తుంది. మా కూలీల సంఘం వాళ్ళు ప్రతి జట్టు పెద్దకూ ఒకటి ఇచ్చారు. మజిలీ మజిలీకీ జరిగింది దీనికి చెప్పాలట, ఇది శుభ్రమైన తెలుగులో రాసుకుంటుందట. సరే, నా మాటకు పౌడరు పూస్తే పూయనీ. కానీ మనుషులు ఒకరితో ఒకరు అనుకున్న మాటలు అనుకున్నట్టే రాయకపోతే కృష్ణలో విసిరేస్తానని బెదిరించాను. ఆ ఒక్కటీ సరిగ్గా చేస్తోంది.

నా పేరు మొగులమ్మ. మాది పాలమూరు వైపు. తాతల కాలంలో మావాళ్ళు మట్టిపనికి దేశమంతా తిరిగారు. తర్వాతివాళ్ళు ఇళ్ళు కట్టే పనికి పట్నాలు పట్టిపోయారు. ఇప్పుడు ఈ మెట్టనేలంతా సోలార్ పలకలు పరిచారు కాబట్టి మేము వాటి దుమ్ము కడుగుతూ తిరుగుతాం. వానలు ఆగగానే ఊరికి తాళం వేసి బయల్దేరతాం, మృగశిరకు తిరిగొస్తాం. తాళం అన్నది మాటవరసకు కాదు. ఊరి మొదట్లో ఇనుప గేటు ఉంది, దాని తాళంచెవి నా బొడ్డుసంచిలో ఉంది. పిల్లాజెల్లా అందరం వచ్చేస్తాం, కుక్కలు కూడా మా వెంటే వస్తాయి.

పని తెల్లారకముందే మొదలుపెట్టాలి. పొద్దెక్కితే పలక కాలుతుంది. కాలిన పలక మీద నీళ్ళు పడితే అద్దం పగులుతుంది, పగిలితే గుత్తేదారు మా ప్రాణం తోడేస్తాడు. కడిగిన నీళ్ళు పలక అంచునుంచి కిందికి కారతాయి. అక్కడ మా మడులుంటాయి. పైన పలక నీడ, కింద పలక నీళ్ళు. నిప్పులు చెరిగే ఎండలో కూడా మా కూరాకు కళకళలాడుతుంది.

మా దారిలో మూడు జట్లు నడుస్తాయి. ముందు కుర్మయ్య జట్టు, నడుమ మేము, వెనక తండా నుంచి వచ్చే రూప్లా జట్టు. ఒకరు కడిగిపోయిన నెలకు మళ్ళీ దుమ్ము పేరుకుంటుంది, అప్పటికి వెనకవాళ్ళు వస్తారు. కాబట్టి మాకొక కట్టుబాటు ఉంది. ముందువాళ్ళు పెట్టింది తిను, వెనకవాళ్ళకు పెట్టి పో. మజిలీ ఎత్తేసే రోజు గింజలు వేసి, మట్టికుండలు మెడదాకా పాతి, నిండా నీళ్ళు పోసి మూతపెట్టి పోతాం. కుండ చెమర్చిన కొద్దీ మడి తడుస్తుంది. మేము వేసింది మేము తిని ఎరగం.

కుర్మయ్య నాకు వియ్యంకుడు. నా ఒక్కగానొక్క బిడ్డ రవళి ఆయన కోడలు. పెళ్ళయి మూడేళ్ళయింది. పనుల మీద ఉన్నన్నాళ్ళూ అది నాకంటే ఒక మజిలీ ముందుంటుంది, మేము కళ్ళారా చూసుకునేది వానాకాలంలోనే. ఫోన్లు లేక కాదు. ఫోన్ చేస్తే అంతా మంచిగనే ఉన్నదమ్మా అంటుంది, ఆ పైన ఒక్క ముక్క మాట్లాడదు. పోయిన వాళ్ళ నాయన పోలిక. దాని మనసు తెలుసుకోవాలంటే నేను మడిలో పొయ్యి పక్క మూల చూస్తాను. ప్రతి మజిలీలో ఆ మూల రవళిది. మెంతి వేస్తే సంతోషంగా ఉన్నట్టు, మిరప వేస్తే మొగుడితో కొట్లాడినట్టు. ఇన్నేళ్ళలో నా లెక్క తప్పలేదని నా ఆడబిడ్డ బాలమణితో గొప్పలు చెప్పుకుంటూ ఉంటాను. ఈసారి మూల నిండా మెంతి. కడుపు చల్లగా నిద్రపోయాను.

మేము మజిలీ ఎత్తేసే రోజున రూప్లా ఫోన్ చేశాడు.

"అక్కా, గీసారన్న జర మిర్చి ఎక్కువెయ్యవే. నువ్వేసిన బీరకాయ తిని తిని మా తండా నాల్కలు సప్పవడ్డయ్."

"మీ నాల్కలు సప్పవడ్తే లోకానికే మంచిది తమ్మీ" అన్నాను. అయినా రెండు సాళ్ళు మిరప వేశాను, వాడికి చెప్పలేదు.

అనూరాధ కార్తె. రెండో మజిలీ, డోన్ రైలు స్టేషను దగ్గర

ఈ రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

దిగగానే పొయ్యి పక్కకు పోయి చూశాను. మడి అంతా పచ్చగా ఉంది. గోకరకాయ ఉంది, ఆనపకాయ తీగ పలక కాలుకు ఎగబాకింది. రవళి మూల మాత్రం ఖాళీ. గింజ వెయ్యలేదు, కుండ పాతలేదు. చేత్తో చదును చేసి వదిలేసిన మట్టి. నేను అక్కడే కూలబడి నవ్వుకున్నాను.

మాలో కడుపుతో ఉన్న ఆడది మడిలో గింజ వెయ్యదు. ఒకేసారి రెండు చోట్ల మొలక అడగకూడదని పెద్దలు చెప్పారు. నేను రవళిని మోసినప్పుడు తొమ్మిది నెలలూ మట్టి ముట్టలేదు. రవళి నోటితో చెప్పదు కదా, ఇదిగో ఇలా చెప్పింది అనుకున్నాను. సంచి విప్పి ఉన్న బెల్లమంతా జట్టుకు పంచేశాను. బాలమణి నోట్లో నువ్వుగింజ నానదు, రెండు నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది.

తర్వాత ఫోన్ చేశాను.

"బిడ్డా, మూల సూసిన."

అవతల రవళి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "సూసినవా అమ్మా? సూసి ఏమనుకున్నవ్?"

"ఏమనుకుంట? సంబురపడ్డ. ఎన్నో నెల? పుల్లగ తినబుద్ధయితుందా?"

మాట లేదు. సిగ్గు పడుతోందని నేనే మాట్లాడుతూ పోయాను. బరువు ఎత్తొద్దన్నాను, నిచ్చెన ఎక్కొద్దన్నాను, మీ మామకు నేను చెప్తానన్నాను.

"మామకు ఏం చెప్పకు" అంది వెంటనే. "అమ్మా, నీకు... ఏం లేదులే. అంతా మంచిగనే ఉన్నది."

పెట్టేసింది. దిష్టి తగులుతుందని భయపడుతోంది కాబోలు. నేను ఎవరితోనూ అనను. జట్టంతటికీ చెప్పాననుకోండి, వాళ్ళు బయటివాళ్ళు కాదు.

మూల కార్తె. మూడో మజిలీ, గుత్తి దాటాక

ఇక్కడ సగం పలకలు కొత్తవి. పొద్దున్నే నీళ్ళ గొట్టం పట్టుకుని పోతే గుత్తేదారు మనిషి ఆపాడు. వీటికి నీళ్ళక్కర్లేదు, చూస్తూ ఉండమన్నాడు. కాసేపటికి పలక తనంతట తాను గజగజ వణికింది. ఈగ వాలితే బర్రె తోలు విదిలించినట్టు ఒక్కసారి విదిలించుకుంది, దుమ్మంతా జలజలా రాలిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. బాలమణి కొట్టలేదు.

"వదినె, గిది దానంతట గదే దులుపుకుంటే ఇగ మనమెందుకు?"

"సగం పాతయే ఉన్నయ్ గద, కండ్లు లేవా?" అని కసిరాను. గుత్తేదారు కూడా అదే అన్నాడు. మిగతా సగం మీదే, తర్వాతి మజిలీలో కూడా పని ఉందని చెప్పాడు.

మడి కూడా సగమే ఉంది. కొత్త పలకల కింద నీళ్ళు కారవు కాబట్టి అక్కడ నేల నెర్రెలిచ్చింది. పాత పలకల కింద కొత్తిమీర, తోటకూర చల్లి పోయారు. గబగబా చల్లినట్టు ఒకచోట గుంపుగా, ఒకచోట పల్చగా ఉంది. కుండలు పాతలేదు. రవళి మూల మళ్ళీ ఖాళీ. నాకు అదొక్కటే కనబడింది, అది మాత్రం నిండుగా కనబడింది.

పని సగమే కాబట్టి మధ్యాహ్నాలు ఖాళీ. పాత చీరలు చింపి మనవడికి బొంత కుడుతున్నాను. మనవరాలైనా సరే, బొంత బొంతే. బాలమణి పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇస్తూ ఒకటే సణుగుడు.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట. పిల్ల నోటితోని చెప్పిందా నీకు?"

"నా బిడ్డ నోటితోని ఎప్పుడు చెప్పింది?"

"కుండలు ఎందుకు పాతలేదు మరి? అందరికీ కడుపులే వచ్చినయా?"

దాని మొహం చూడబుద్ధి కాలేదు. కుర్మయ్య జట్టులో జ్వరాలొచ్చి ఉంటాయని ఏదో ఒకటి అనేశాను. సాయంత్రం రవళికి ఫోన్ చేస్తే వెనకాల ఏదో హోరు వినిపించింది.

"ఏంది బిడ్డా ఆ సప్పుడు?"

"గాలమ్మా. గాలి బాగ లేస్తున్నది."

వాళ్ళ మజిలీ ఇప్పుడు తాడిపత్రి అవతల, అక్కడ అంత గాలి ఉంటుందా అనుకున్నాను. తల తడపకు, చెవులకు గుడ్డ కట్టుకో అని చెప్పి పెట్టేశాను.

మేము ఇక్కడ పాత పలకల కింద మడి వేశాం. రూప్లా వాళ్ళ కోసం మిరప, బొబ్బర్లు. కుండలు మేమే పాతాం. పని తక్కువ కాబట్టి అనుకున్నదానికంటే ముందే కదిలాం.

ఉత్తరాషాఢ కార్తె. నాలుగో మజిలీ, తాడిపత్రి అవతల

ఇక్కడ మడి లేదు.

నేల గట్టిపడి పెచ్చులు లేచింది. పొయ్యిలో బూడిద కూడా లేదు, గాలికి ఎప్పుడో కొట్టుకుపోయింది. పైన పలకలన్నీ కొత్తవే, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకదాని తర్వాత ఒకటి వణుకుతున్నాయి. పాత పలకలు విప్పి గోడ పక్కన పేర్చారు. మాకు ఇక్కడ ఉన్న పని ఏమిటంటే వాటిని లారీలకు ఎక్కించడం. ఇన్నేళ్ళు తుడిచినవాటిని మేమే మోసి సాగనంపాలి.

గేటు దగ్గర కాపలా ఆయన సీమ మనిషి, పెద్దాయన. కుర్మయ్య జట్టు ఎప్పుడు పోయిందని అడిగాను.

"వాళ్ళు ఈడికి రానేలేదు కదమ్మా. గుత్తి కాన్నుంచే సముద్రం తట్టుకు పోయినారంట. నీకు తెలీదా? నీ బిడ్డ ఆ జట్టులోనే ఉందంటివే."

గోడకు ఆనుకుని ఫోన్ చేశాను.

"యాడున్నవ్ బిడ్డా?"

మళ్ళీ అదే హోరు. దాని వెనక రవళి ఏడుస్తోందని కొంతసేపటికి అర్థమైంది.

"సముద్రం కాడ అమ్మా."

తర్వాత అంతా చెప్పింది. ఇంత మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. రెండో మజిలీలోనే గుత్తేదారు కుర్మయ్యకు చెప్పాడట, ఈ దారిలో పలకలన్నీ మారుస్తున్నారు, వచ్చే ఏటికి కడిగే పనే ఉండదని. సముద్రం ఊళ్ళను మింగుతున్న చోట ఉప్పునీళ్ళలో బతికే చెట్లు నాటిస్తున్నారని, నాటే చేతులు కావాలని కుర్మయ్యకు ఎవరో కబురు పెట్టారట. జాగాలు తక్కువ. అందుకని కుర్మయ్య జట్టు మొత్తంతో కుర్మూర్తి స్వామి మీద ఒట్టు వేయించాడట, బయటివాళ్ళకు నోరు విప్పకూడదని.

"నేను బయటిదాన్నా?" అన్నాను.

"మామకు అందరూ బయటోళ్ళే. నోటితోని చెప్పనని ఒట్టేసినమ్మా. గందుకే మూల ఎండవెట్టిన. ఏమైందని నువ్వడుగుతవనుకున్న. నువ్వడిగితే ఒట్టు గిట్టు ఇడిసి చెప్దామనే ఉంటి. నువ్వేమో ఎన్నో నెలనంటివి. గంత సంబురంగ అడిగితే నేనేమనాలె? కాదని ఎట్లంటనే?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే అడగలేదు. ఖాళీ మట్టిని చూసి నాకు కావాల్సింది నేను చదువుకున్నాను, బెల్లం పంచాను, బొంత కుట్టాను. లేని మనవడి కోసం నాకు దుఃఖం పొంగుకొచ్చింది. లేనివాడి కోసం ఏడవడమేమిటని సిగ్గు కూడా వేసింది. రెండూ కలిసి వచ్చాయి.

"ఇనమ్మా" అంది రవళి. "ఇంకొక్క జట్టుకే జాగ ఉన్నదంట. మామను బతిలాడి ఒప్పించిన. నువ్వు జల్ది రా. పలకలు ఎక్కించుడు అయిపోంగనే రా. రూప్లా వాళ్ళకు మాత్రం చెప్పకు, ఆళ్ళు డోన్ల ఉన్నరు, రైలెక్కితే నీకన్న ముందే వస్తరు."

"రాకపోతే వానలకు నువ్వొస్తవ్ గద?"

"ఈ చెట్లకు వానలు ఎండలు లేవమ్మా. నీళ్ళు ఎన్కకు పోయినప్పుడల్ల నాటుడే. ఏడాది పొడుగూత. నువ్వే రావాలె."

ఉత్తరాషాఢ కార్తె, మర్నాడు. అక్కడే

జట్టంతా పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క జట్టుకే చోటుంది. మేము ఇక్కడి పలకలు ఎక్కించేదాకా గుత్తేదారు కదలనివ్వడు, కనీసం వారం. రూప్లా వాళ్ళు రెండో మజిలీ ముగించి గుత్తికి రాబోతున్నారు. గుత్తికి వచ్చారంటే మాలాగే సగం పనికీ సగం మడికీ చిక్కుకుంటారు, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఇప్పుడు చెబితే డోన్‌లోనే రైలెక్కగలరు. ఎక్కితే మాకు చోటుండదు.

బాలమణి నా మోకాలు పట్టుకుంది.

"వదినె, నేను అబద్ధం చెప్పమంటలేను. జర ఆల్శంగ చెప్దామంటున్న. పోయి చేరినంక ఫోన్ చెయ్యి. తప్పేమున్నది?"

"కుర్మయ్య గూడ గదే అనుకున్నడు."

"కుర్మయ్య బతికిండు గద! నీకు నీ బిడ్డ కావాల్నా, రూప్లా కావాల్నా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. బిడ్డ కావాలని వేరే చెప్పాలా? నిన్నటినుంచి అన్నం ముద్ద దిగలేదు నాకు. రవళితో ఒక్క గుడిసెలో పడుకుని, దాని చెయ్యి తగులుతుంటే నిద్రపోయి ఎన్నేళ్ళయిందో. అదే అన్నాను, అరిచి అన్నాను.

చివరికి వెనకనుంచి ఎవరో అన్నారు, ఫోన్లెందుకు, ఇక్కడ మడి వెయ్యకుండా పోదాం, చూసి వాళ్ళే తెలుసుకుంటారు, మన మీద మాట రాదు అని.

"మడి జూసి నేనేం తెల్సుకున్ననో జూసినవ్ గద!" అన్నాను. నవ్వకూడని వేళ అయినా ఇద్దరు ముగ్గురు నవ్వేశారు. బాలమణి కూడా పైట అడ్డం పెట్టుకుంది.

నేను లేచి గోడ అవతలికి పోయి రూప్లాకు ఫోన్ చేశాను. మిర్చి బాగా కాసిందని వాడు మొదలుపెట్టాడు, నోరు మూసుకుని వినమన్నాను. వణికే పలకల సంగతి, సముద్రం సంగతి, ఒక్క జట్టుకే చోటున్న సంగతి, అంతా చెప్పాను. రవళి పేరు మాత్రం ఎత్తలేదు. కాపలా ఆయన చెప్పాడన్నాను. అది ఒక్కటీ అబద్ధం.

రూప్లా అవతల పిల్లలను పక్కకు పొమ్మన్నాడు.

"మేం ముందు వోతే నీకు జాగుండదు గదక్కా. మరి నాకెందుకు చెప్తున్నవ్?"

"ఎన్కున్నవ్ గనుక. ఎన్కున్నోనికి వెట్టిపోనీకి నా కాడ ఇంకేం లేదు తమ్మీ."

వాడు సరే అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడందే పెట్టడు. ఈసారి ఏమీ అనకుండా పెట్టేశాడు.

నేను తిరిగొస్తుంటే మనసు తేలికపడిందని ఎవరైనా అంటే నమ్మకండి. వెనక్కి పోయి ఆ మాట తీసేసుకుందామా అని గోడ దగ్గరే రెండుసార్లు ఆగాను.

శ్రవణం కార్తె. ఇంకా తాడిపత్రి అవతలే

పలకలు ఎక్కిస్తున్నాం. ఒక్కో పలకకు నలుగురు కావాలి. చేతులకు గోనె గుడ్డలు చుట్టుకున్నాం, అయినా అంచులు కోస్తున్నాయి. ఒక పలక మూలన ఎవరో చిన్నప్పుడు మేకుతో గీసిన పువ్వు ఉంది. ఎవరిదో తెలియదు. ఎక్కించేశాం.

మధ్యాహ్నం రూప్లా ఫోన్ వచ్చింది. వెనకాల అదే హోరు.

"అక్కా, చేరినం. మా పేర్లు రాసుకున్నరు. ఇంక జాగ లేదంటున్నరు. నేను గూడ అడిగి జూసిన. లేదంట. నువ్వు బయల్దేరకు."

"నీ మొకం మండ" అన్నాను. "నీ రైలు మండ. నీ మిర్చి మండ."

"తిట్టక్కా. ఎంత తిడ్తవో తిట్టు. మా పిల్లలు గిప్పుడే అన్నం దిన్నరు. గుత్తికి వోయి ఉంటే ఏమయ్యేటోళ్ళమో. నేనైతే నీకు చెప్తుంటినో లేదో నాకే తెల్వదక్కా. నిజంగ తెల్వదు."

నా తిట్లు అయిపోయాయి. ఉత్త చేతులతో, పని లేని చోటికి మమ్మల్ని అంత దూరం రానివ్వకుండా ముందే చెప్పాడు. నేను చెప్పినందుకు తనూ చెప్పాడు. పిల్లలు ఏం తిన్నారని అడిగాను. చేపల పులుసు అన్నాడు. ముళ్ళు చూసి పెట్టమని చెప్పి పెట్టేశాను.

సాయంత్రం రవళి చేసింది. హలో అనలేదు.

"నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన."

"గుడిసెల నీ సాపకు జాగ వెట్టిన. రోజు ఊడుస్తున్న ఆడ. నీ సాపకు."

నేను గోడకు తల ఆనించాను. తప్పు చేశానని నాకు అనిపించలేదు. అనిపించి ఉంటే తేలికగా ఉండేది, తప్పయిందని కాళ్ళు పట్టుకునేదాన్ని. అది ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. మీ మామ నిన్నేమైనా అన్నాడా అని అడిగాను. రూప్లాకు తనే చెప్పిందని మామ అనుకుంటున్నాడట, తనతో మాట్లాడటం లేదట. ఫోన్ ఆయనకు ఇవ్వమన్నాను.

కుర్మయ్య తీసుకున్నాడు. రూప్లాకు చెప్పింది నేను, రవళి కాదు, కోపముంటే నా మీద చూపించు అన్నాను.

"నీకు ఎవలు చెప్పిన్రు మరి?" అన్నాడు.

"ఈడి కాపలాయన. నాకు అందరూ చెప్పిన్రు బావా, నా వియ్యంకుడు తప్ప."

ఆయన ఫోన్ రవళికి ఇచ్చేశాడు. ఈ డబ్బా ఇవన్నీ సంఘానికి చూపిస్తుందేమో. చూపించుకోనీ.

శతభిషం కార్తె. ఊళ్ళో

జట్టులో సగంమంది పట్నం పోయారు, ఇళ్ళు కట్టే పనికి. తాతల తర్వాతివాళ్ళు పట్టిన దారే మళ్ళీ పట్టారు. అక్కడ కూడా ఇటుకలు మోసే మిషన్లున్నాయంటారు, పోయి చూస్తామన్నారు. మిగతావాళ్ళం ఊరికి వచ్చాం. వానల దాకా జొన్నలున్నాయి, ఊరబావిలో తాగడానికి నీళ్ళున్నాయి. ఆ తర్వాత ఏమిటన్నది ఆ తర్వాత.

గేటు తాళం తియ్యడానికి చాలా సేపు పట్టింది. వానాకాలంలో తీస్తే నూనె పోస్తాం, ఇప్పుడు సంచిలో నూనె లేదు. తోసుకుని లోపలికి పోయాక అందరం అక్కడే ఆగిపోయాం. ఊరి వెనక గుట్ట ఎర్రగా ఉంది. మంటేమో అనుకుని బాలమణి కేక వేసింది.

మంట కాదు, మోదుగపూలు. గుట్ట మీద ఒక్క ఆకు లేదు, అన్నీ పూలే. ఆ చెట్లు మాకు తెలుసు. వాటి ఆకులతో విస్తర్లు కుట్టుకుంటాం, వానల్లో వాటి కింద నిలబడతాం. అవి పూస్తాయని తెలుసు, ఇంతలా పూస్తాయని తెలియదు. నాకు యాభై దాటాయి. ఈ కార్తెలో మా ఊరు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో నేను చూడలేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఈ రోజుల్లో ఏదో ఒక మజిలీలో పలకలు కడుగుతూనే ఉన్నాను. మా అమ్మా చూడలేదు. పిల్లలు గుట్ట మీదికి పరుగెత్తారు. బాలమణి రోడ్డు మీదే కూర్చుని, ఇన్నేళ్ళు మనం లేకుండానే ఇది జరిగిపోతోందా వదినె అని ఏడ్చింది.

రవళికి ఫోన్ చేశాను. నీళ్ళు వెనక్కి పోవడానికి ఇంకా టైముంది, మాట్లాడు అంది. కోపం పూర్తిగా పోలేదు, గొంతులో తెలుస్తోంది. మామ మాట్లాడుతున్నాడట. రూప్లా పెళ్ళాం పక్క గుడిసెలోనే ఉందట, కూర ఇచ్చిపోతోందట. నేను మోదుగల సంగతి చెప్పాను.

"మన గుట్ట మీదనా? గట్ల పూస్తయా?"

"పూస్తయంట. నాకూ ఇయ్యాల్నే తెల్సింది."

"ఎన్ని దినాలుంటయమ్మా?"

"తెల్వదు బిడ్డా. రోజూ సూసి చెప్త."

ఎవరో దాన్ని పిలిచారు. వస్తున్నా అని అటు అరిచింది. ఇంతకుముందైతే నేను జాగ్రత్త అని చెప్పి పెట్టేసేదాన్ని, దాని మౌనానికి నాకు నచ్చిన అర్థం చెప్పుకుని పడుకునేదాన్ని.

"బిడ్డా, నన్ను సూడనీకి ఎప్పుడొస్తవ్?" అని అడిగాను.

రవళి ఈసారి అంతా మంచిగనే ఉన్నది అనలేదు.

"నాకు తెల్వదమ్మా" అంది.

పెట్టేసింది. నేను గడప మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. తర్వాత లేచి తలుపులన్నీ తెరిచి, ఇల్లు ఊడ్చుకుని, పొయ్యి అంటించాను.